జెట్టీ లెక్కలో గంప ఎక్కడ?

(అనకాపల్లిలో మహిళా కార్యకర్తలు, స్వచ్ఛంద సంస్థల ప్రతినిధుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



తీరప్రాంత స్త్రీల హక్కుల గురించి మాట్లాడమని మీరు నన్ను పిలిచారు. హక్కులు అనగానే మనం హింస గురించి, ఆస్తి గురించి, కూలి రేట్ల గురించి మాట్లాడుకుంటాం. అవన్నీ మాట్లాడుకోవలసినవే. అయితే ఈ రోజు నేను కాంక్రీటు గురించి, తుప్పు పట్టిన ఇనుప ఊచల గురించి, ప్రభుత్వ అంచనా పత్రాల గురించి మాట్లాడదామనుకుంటున్నాను. పాతబడిన జెట్టీలను బాగుచేయడం, కొత్తవి కట్టడం, దానికి డబ్బు తేవడం - ఇదీ నా విషయం. ఇది ఇంజినీర్ల వ్యవహారం కదా, ఇందులో స్త్రీల సమస్య ఏముంది అని మీలో కొందరికి అనిపించవచ్చు. ఏది సాంకేతిక విషయం, ఏది స్త్రీల విషయం అనే ఈ విభజన ఎవరు చేశారు, దాని వల్ల ఎవరికి లాభం అనే ప్రశ్నతోనే మనం మొదలుపెట్టాలి.

రేవు ఎవరి పనిస్థలం?

అనకాపల్లి సముద్రం ఒడ్డున ఉన్న ఊరు కాదు. శారదా నది పక్కన బెల్లం వ్యాపారంతో ఎదిగిన పట్టణం. కానీ 2022 ఏప్రిల్ 4న అనకాపల్లి జిల్లా ఏర్పడినప్పుడు పాత విశాఖపట్నం జిల్లా తీరంలో పెద్ద భాగం ఇందులోకి వచ్చింది. పరవాడ మండలంలో ముత్యాలమ్మపాలెం, అచ్యుతాపురం మండలంలో పూడిమడక, ఎస్.రాయవరం మండలంలో రేవుపోలవరం, బంగారమ్మపాలెం, నక్కపల్లి మండలంలో రాజయ్యపేట, పాయకరావుపేట మండలంలో పెంటకోట - ఇవన్నీ ఇప్పుడు ఈ జిల్లా ఊళ్ళే. ఈ ఊళ్ళలో చేపలవేట మీద బతికేవాళ్ళు ముఖ్యంగా వాడబలిజ, జాలారి కులాల వాళ్ళు.

ఈ కులాల్లో శ్రమ విభజన చాలా స్పష్టంగా ఉంటుంది. సముద్రం మీదికి పోవడం మగవాళ్ళ పని. పడవ ఒడ్డుకు తగిలిన క్షణం నుంచి ఆడవాళ్ళ పని మొదలవుతుంది. వలలోంచి చేపను విడదీయడం, రకాలుగా ఏరడం, పాట దగ్గర నిలబడి కొనడం, గంపకెత్తి రోడ్డు దాకా మోయడం, ఆటోలోనో బస్సులోనో ఊళ్ళకు తీసుకుపోయి అమ్మడం, అమ్ముడుపోని దాన్ని ఉప్పు పట్టించి ఎండబెట్టడం. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ 2010లో చేసిన జనాభా లెక్కల ప్రకారం మన దేశంలో చేపల అమ్మకంలో ఉన్నవాళ్ళలో, ఎండబెట్టడం, శుద్ధి చేయడం వంటి పనుల్లో ఉన్నవాళ్ళలో ప్రతి పదిమందికి ఎనిమిది మందికి పైగా స్త్రీలే. అదే లెక్కల్లో ఆంధ్రప్రదేశ్ తీరంలో 555 మత్స్యకార గ్రామాలు, 353 చేపలు దించే కేంద్రాలు నమోదయ్యాయి. దించే కేంద్రం అంటే ఏదో కట్టడం ఉంటుందని అనుకోకండి. చాలా చోట్ల అది ఇసుక ఒడ్డు మాత్రమే. జెట్టీ ఉన్న చోట్లు కొన్నే. అందుకే ఉన్న జెట్టీ పాడైపోవడం, రావలసిన జెట్టీ రాకపోవడం రెండూ ఒకే సమస్యకు రెండు ముఖాలు.

ఇంజినీరు దృష్టిలో జెట్టీ అంటే బోటు కట్టుకునే చోటు. గంప ఎత్తే ఆమెకు అది పనిస్థలం. ఒక ఫ్యాక్టరీలో మిషను ఎక్కడ పెట్టాలి, నడిచే దారి ఎంత వెడల్పు ఉండాలి, మరుగుదొడ్డి ఎక్కడ ఉండాలి అనేవి కార్మికుల హక్కుల ప్రశ్నలని మనం ఒప్పుకుంటాం. జెట్టీ విషయంలో మాత్రం అవి ఇంజినీరు ఇష్టానికి వదిలేస్తున్నాం.

జెట్టీ ఎందుకు పాడవుతుంది?

ఉప్పునీరు కాంక్రీటులోకి మెల్లగా ఇంకుతుంది. లోపలి ఇనుప ఊచ తుప్పు పడుతుంది. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బుతుంది. ఆ ఉబ్బుకు పైన ఉన్న కాంక్రీటు పెచ్చులుగా రాలిపోతుంది. బయటపడిన ఊచ ఇంకా త్వరగా తినేసుకుపోతుంది. పోటుకు తడిసి, పాటుకు ఆరే భాగంలో ఇది మరీ ఎక్కువ. మొదట్లోనే పెచ్చులు చెక్కి, ఊచలు శుభ్రం చేసి పూత వేస్తే తక్కువ ఖర్చుతో అయిపోయే పని, పదేళ్ళు వదిలేస్తే స్తంభాలే మార్చవలసిన పని అవుతుంది. దీనికి తోడు మేట. మచిలీపట్నం గిలకలదిండి హార్బరు దగ్గర మొగ పూడిపోయి, పోటు వచ్చేదాకా బోట్లు ఆగవలసిన పరిస్థితి ఏళ్ళ తరబడి నడిచింది. జెట్టీ గట్టిగానే ఉన్నా పడవ దాని దగ్గరకు రాలేకపోతే అది ఉండీ లేనట్టే.

పొరుగు రాష్ట్రాల అనుభవం చూడండి. తిరువనంతపురం దగ్గర వలియతురలో 1956లో కట్టిన సముద్రపు వంతెన ఉంది. ఓడల రాకపోకలు ఆగిపోయిన తర్వాత కూడా అల్లకల్లోలంగా ఉండే వర్షాకాలంలో దాని మీద నుంచే మత్స్యకారులు సముద్రంలోకి దిగేవాళ్ళు. 2021లో తుఫాను అలలకు అది దెబ్బతిన్నది. 2024లో కొంత భాగం విడిపోయింది. పుదుచ్చేరిలో 1960లలో కట్టిన పాత వంతెన 2022 మార్చిలో అలల తాకిడికి సగం కూలింది. రెండు చోట్లా కూలినది ఒక్క రోజులోనే కావచ్చు. కూలడానికి కారణాలు మాత్రం దశాబ్దాలుగా అందరి కళ్ళ ముందే ఉన్నాయి.

మరి ఎందుకు బాగుచేయరు? కొత్త కట్టడానికి శంకుస్థాపన ఉంటుంది, శిలాఫలకం ఉంటుంది, ఫొటో ఉంటుంది. మరమ్మతుకు అవేవీ ఉండవు. మనకిది కొత్తగా వినిపించే సంగతి కాదు. ఇంట్లో ఊడవడం, కడగడం, కుట్టడం, అతకడం అన్నీ స్త్రీల మీద పెట్టి వాటికి విలువ లేకుండా చేసిన సమాజమే, ప్రభుత్వ లెక్కల్లో కూడా నిర్వహణ పనికి విలువ లేకుండా చేసింది. రెండు చోట్లా పని చేస్తున్నంత కాలం ఎవరికీ కనిపించదు. ఆగిపోయినప్పుడే కనిపిస్తుంది.

డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది?

హార్బర్లకు, జెట్టీలకు ఇప్పుడు డబ్బు ప్రధానంగా రెండు దారుల్లో వస్తోంది. ఒకటి, 2020లో మొదలైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన. దీని మొత్తం అంచనా 20,050 కోట్ల రూపాయలు. మన వంటి రాష్ట్రాల్లో ఉమ్మడి సదుపాయాలకు కేంద్రం 60, రాష్ట్రం 40 వంతున భరించాలి. రెండవది, 2018-19లో 7,522 కోట్లతో ఏర్పాటు చేసిన మత్స్య మౌలిక సదుపాయాల నిధి. ఇది గ్రాంటు కాదు. నాబార్డు వంటి సంస్థలు ఇచ్చే అప్పు. కేంద్రం వడ్డీలో 3 శాతం దాకా రాయితీ ఇస్తుంది. అసలు తీర్చవలసింది అప్పు తీసుకున్న రాష్ట్రమే.

ఈ తేడా కార్యకర్తలు బాగా గుర్తుపెట్టుకోవాలి. అప్పుతో కట్టిన హార్బరు ఆదాయం చూపించాలి. ఆదాయం అంటే రుసుములు. బోటు కట్టినందుకు రుసుము, వాహనం లోపలికి వచ్చినందుకు రుసుము, వేలం షెడ్డులో చోటుకు రుసుము. వీటి వసూలును కాంట్రాక్టుకు ఇస్తే ఏమవుతుందో మనకు తెలుసు. ఊరి సంతల్లో, పట్టణ మార్కెట్లలో ఆశీలు పాట పాడుకున్నవాడు గంపకు ఇంత అని ఆడవాళ్ళ దగ్గర ఎలా గుంజుతాడో మీరందరూ చూసే ఉంటారు. రసీదు అడిగితే గంప పక్కకు తన్నేవాళ్ళు కూడా ఉన్నారు. అంటే జెట్టీ ఖర్చులో కొంత భాగం గంప మీద పడబోతోంది. పడే చోట ఇప్పటికే పడుతోంది. ఖర్చు భరించేవాళ్ళ జాబితాలో స్త్రీ ఉంటుంది. నిర్ణయం చేసేవాళ్ళ జాబితాలో ఉండదు. నేను ఈ రోజు చెప్పదలచిన ముఖ్యమైన మాట ఇదే.

స్త్రీలకు ఈ పథకాల్లో అసలు చోటే లేదని నేను అనడం లేదు. మత్స్య సంపద యోజనలో వ్యక్తిగత యూనిట్లకు మగవాళ్ళకు 40 శాతం సబ్సిడీ అయితే స్త్రీలకు, దళితులకు, ఆదివాసులకు 60 శాతం. ఐసు పెట్టెకో, బండికో ఒక స్త్రీ దరఖాస్తు పెట్టుకోవచ్చు. అది మంచిదే. కానీ అక్కడ ఆమె లబ్ధిదారు మాత్రమే. ఇవ్వడం, ఇవ్వకపోవడం ఇంకొకరి చేతిలో ఉంది. కోట్ల రూపాయలతో తయారయ్యే జెట్టీ ప్లాను ముందు ఆమెకు ఆ మాత్రం చోటు కూడా లేదు.

బోటుతో కొలిచే లెక్క

విశాఖపట్నం ఫిషింగ్ హార్బరు ఉదాహరణ తీసుకుందాం. 1970ల నాటి హార్బరు అది. 2014 అక్టోబరులో హుద్‌హుద్ దెబ్బ తిన్నది. దాని ఆధునికీకరణకు 2022 నవంబరు 12న ప్రధాని శంకుస్థాపన చేశారు. అంచనా సుమారు 150 కోట్లు. రోజుకు 150 టన్నుల చేప దించే సామర్థ్యాన్ని 300 టన్నులకు పెంచడం లక్ష్యమని ప్రకటించారు. టన్నుల లెక్క చెప్పారు. ఆ అదనపు 150 టన్నుల్ని ఎంతమంది స్త్రీలు ఏరతారు, ఎక్కడ కూర్చుని ఏరతారు, ఎటు మోస్తారు అనేది ఆ ప్రకటనలో లేదు.

ఏడాది తర్వాత, 2023 నవంబరు 19 రాత్రి, అదే హార్బరులో మంటలు లేచి సుమారు 40 బోట్లు కాలిపోవడమో దెబ్బతినడమో జరిగింది. బోటు విలువలో 80 శాతం పరిహారంగా ఇస్తామని ప్రభుత్వం ప్రకటించింది. ఇవ్వవలసిందే, అందులో వివాదం లేదు. కానీ బోటుకు విలువ కట్టే పద్ధతి ఉంది కాబట్టి బోటుకు పరిహారం వచ్చింది. ఆ బోటు చేప తెస్తేనే పొయ్యి వెలిగే స్త్రీ పోగొట్టుకున్న రోజులకు విలువ కట్టే పద్ధతిని ఎవరూ తయారు చేయలేదు.

వేట నిషేధం భృతి కూడా ఇటువంటిదే. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్ల వేట ఆగిపోతుంది. ఇదివరకు 10,000 ఉన్న భృతిని 2025 ఏప్రిల్‌లో శ్రీకాకుళం జిల్లా బుడగట్లపాలెంలో 20,000 రూపాయలు చేశారు. అది బోటు మీద వేటకు వెళ్ళే మనిషి పేరు మీద వస్తుంది. ఆ 61 రోజులూ చేప లేక కూర్చునే అమ్మకందారు స్త్రీ, ముఖ్యంగా ఇంట్లో వేటకు వెళ్ళే మగమనిషి లేని వితంతువు, ఒంటరి స్త్రీ ఆ లెక్కలోకి రాదు. పూడిమడక వైపు ఒక పెద్దావిడ నాతో అన్న మాట: "బోటుకి నెంబరుంది, ఇంజనుకి నెంబరుంది. మా గంపకి నెంబరేటుంది తల్లీ?" సామాజిక శాస్త్రంలో మేము చాలా పేజీల్లో రాసే సంగతిని ఆమె రెండు వాక్యాల్లో చెప్పింది.

చిన్న జెట్టీయా, పెద్ద హార్బరా?

రాష్ట్ర ప్రభుత్వం కొత్త ఫిషింగ్ హార్బర్లను రెండు దశల్లో తలపెట్టింది. మొదటి దశలో జువ్వలదిన్నె, ఉప్పాడ, మచిలీపట్నం, నిజాంపట్నం ఉన్నాయి. రెండవ దశలో బుడగట్లపాలెం, బియ్యపుతిప్ప, కొత్తపట్నంతో పాటు మన పూడిమడక ఉంది. హార్బరు రావడం మంచిదా, చెడ్డదా అని నన్ను చాలామంది అడుగుతారు. అలలను దాటి పడవ ఒడ్డుకు తెచ్చేటప్పుడు బోల్తా పడి మనుషులు పోయే ఊళ్ళలో హార్బరు వద్దని చెప్పే హక్కు నాకు లేదు. నేను అడిగేది వేరే ప్రశ్న. ఎటువంటి హార్బరు, ఎవరి షరతుల మీద?

పెద్ద హార్బరు వచ్చినచోట చుట్టుపక్కల ఊళ్ళ పడవలు అక్కడికే చేరతాయి. చేప ఒక్కచోట పెద్ద మొత్తంలో దిగుతుంది. పెద్ద మొత్తంలో కొనే వ్యాపారి, ఎగుమతి కంపెనీ ఏజెంటు, ఐసు లారీ వస్తాయి. రెండు వేలు చేతిలో పెట్టుకుని పాటకు వచ్చే స్త్రీ ఆ పాటలో నిలబడలేదు. తన ఊరి ఇసుక మీద దిగినప్పుడు పొరుగింటి పడవ అన్న చనువుతో అరువుకు దొరికిన చేప, ఇరవై కిలోమీటర్ల దూరంలో దొరకదు. చిన్న చిన్న రేవులు బాగున్నంత కాలమే ఆమెకు చేప అందుబాటులో ఉంటుంది. కాబట్టి ఉన్న చిన్న జెట్టీలను, రేవులను బాగుచేసుకోవడం వెనకబాటుతనం కాదు. అది స్త్రీల జీవనాధారాన్ని కాపాడే విధానం.

ఇంకో సంగతి. మన తూర్పు తీరంలో ఏడాది మొత్తం మీద ఇసుక దక్షిణం నుంచి ఉత్తరానికి కదులుతుంది. హార్బరు కోసం సముద్రంలోకి రాతి గోడలు కడితే దక్షిణం పక్క ఇసుక పేరుకుంటుంది, ఉత్తరం పక్క ఒడ్డు కోసుకుపోతుంది. ఒడ్డు పోతే పోయేది దృశ్యం కాదు. చేపలు ఎండబెట్టుకునే ఇసుక పోతుంది. అంటే హార్బరు పూడిమడకలో కట్టినా, ఉత్తరాన ఉన్న ఊళ్ళ ఆడవాళ్ళను కూడా అడగాలి.

ఈ తీరం మీద పెట్టుబడుల ఒత్తిడి ఎంతో మీకు తెలుసు. 2025 జనవరి 8న ప్రధాని విశాఖపట్నంలో శంకుస్థాపన చేసిన ఎన్టీపీసీ గ్రీన్ హైడ్రోజన్ కేంద్రం పూడిమడక దగ్గరే. దాని పెట్టుబడి అంచనా సుమారు 1,85,000 కోట్లు. అదే రోజు శంకుస్థాపన జరిగిన బల్క్ డ్రగ్ పార్కు నక్కపల్లి దగ్గర. ఆ పార్కుకు వ్యతిరేకంగా 2025లో రాజయ్యపేట మత్స్యకారులు నిరాహార దీక్షలకు దిగినప్పుడు శిబిరంలో స్త్రీలు పెద్ద సంఖ్యలో కూర్చున్నారు. సముద్రం విషయంలో ఆందోళన చేయడానికి స్త్రీలు పనికివస్తారు. సముద్రం విషయంలో ప్లాను గీసేటప్పుడు ఎందుకు పనికిరారు?

బెల్లం మార్కెట్టును చూడండి

మనం అడిగేది అసాధ్యమైనదేమీ కాదు. ఈ అనకాపల్లిలోనే ఉదాహరణ ఉంది. ఇక్కడి బెల్లం మార్కెట్టు దేశంలోనే పేరున్నది. 1966 నాటి మార్కెట్ల చట్టం కింద వ్యవసాయ మార్కెట్లకు కమిటీలు ఉంటాయి. యార్డులో జరిగే అమ్మకం మీద వ్యాపారి దగ్గర రుసుము వసూలవుతుంది. ఆ రుసుముతో షెడ్లు, తూకం, రోడ్లు, నీళ్ళు ఏర్పాటు చేయాలని చట్టమే చెబుతోంది. అక్కడ రైతులకు, కూలీలకు సమస్యలు లేవని కాదు. కానీ సూత్రం ఒకటి ఉంది: యార్డులో వసూలైన డబ్బు యార్డుకు ఖర్చు కావాలి, ఆ ఖర్చు నిర్ణయించడానికి అమ్ముకునేవాళ్ళు కూర్చున్న ఒక కమిటీ ఉండాలి. బెల్లం దిమ్మకు ఉన్న ఈ గౌరవం చేపల గంపకు ఎందుకు ఉండకూడదు?

కేరళ స్త్రీలు దీన్ని ఎప్పుడో గ్రహించారు. 1980ల మొదట్లో తిరువనంతపురం ప్రాంతపు చేపలమ్మే స్త్రీలు, నీచు వాసన అని తమను బస్సు ఎక్కనివ్వకపోతే ప్రభుత్వం మీద పోరాడి తమకు ప్రత్యేక వాహనాలు సాధించుకున్నారు. వాళ్ళు అప్పు అడగలేదు, సబ్సిడీ అడగలేదు. ప్రజల డబ్బుతో నడిచే సదుపాయంలో తమ వాటా అడిగారు. దారి చూపించేది ఆ రకమైన డిమాండే.

చట్టం ఏమి ఇస్తోంది?

చేతిలో ఉన్న సాధనాలు కొన్ని చెబుతాను.

సమాచార హక్కు చట్టం 2005లో వచ్చింది. ఏ జెట్టీకైనా సమగ్ర ప్రాజెక్టు నివేదిక, అంచనా, రుసుముల పట్టిక అడగవచ్చు. 30 రోజుల్లో జవాబు రావాలి. 2006 పర్యావరణ ప్రభావ నోటిఫికేషన్ ప్రకారం ఏడాదికి 10,000 టన్నులు, ఆపైన చేప దించే హార్బరుకు ముందస్తు పర్యావరణ అనుమతి కావాలి. బహిరంగ విచారణ పెట్టినప్పుడు కనీసం 30 రోజుల ముందు తెలుగు పత్రికలో ప్రకటన రావాలి. ఆ విచారణకు మగవాళ్ళు బోటు లెక్కతో వస్తారు. స్త్రీలు గంప లెక్కతో రావాలి. తీరప్రాంత నియంత్రణ నోటిఫికేషన్లు, 2011 నాటిదీ 2019 నాటిదీ, చేపలు ఎండబెట్టే స్థలాలు, వేలం షెడ్లు, వలలు బాగుచేసుకునే చోట్లు స్థానిక మత్స్యకారులకు అవసరమైన సదుపాయాలుగా గుర్తించాయి. ఎండబెట్టే స్థలం ఎవరి దయాదాక్షిణ్యం మీదా ఆధారపడింది కాదన్నమాట.

పట్టణంలో అమ్ముకునే స్త్రీలకు 2014 వీధి వ్యాపారుల చట్టం ఉంది. పట్టణ విక్రయ కమిటీలో 40 శాతానికి తగ్గకుండా వ్యాపారులే ఉండాలి, వాళ్ళలో మూడోవంతు స్త్రీలు ఉండాలి. అనకాపల్లి 2013 నుంచి విశాఖ మహానగరపాలక సంస్థలో భాగం. కాబట్టి ఇక్కడి చేపల మార్కెట్టు సంగతి అక్కడ అడగాలి. 2013 లైంగిక వేధింపుల నిరోధక చట్టం అసంఘటిత రంగానికి కూడా వర్తిస్తుంది. జిల్లా స్థాయి కమిటీకి ఫిర్యాదు చేయవచ్చు. తెల్లవారుజామున నాలుగింటికి దీపం లేని జెట్టీ మీద పాట కోసం నిలబడే స్త్రీకి ఈ చట్టం ఎంత అవసరమో వేరే చెప్పాలా? అంతర్జాతీయంగా చూస్తే, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ 2014లో ఆమోదించిన చిన్నతరహా మత్స్యరంగ మార్గదర్శకాలు ఒడ్డు మీద స్త్రీలు చేసే పనిని మత్స్యరంగంలో భాగంగానే గుర్తించాయి.

ఏమి అడగాలి?

ప్రతి జెట్టీ మరమ్మతు, ప్రతి కొత్త జెట్టీ విషయంలో మన సంఘాలు అయిదు విషయాలు అడగాలని నా సూచన.

మొదటిది, లెక్క. అంచనా తయారు కాకముందే ఆ రేవు మీద పనిచేసే స్త్రీలందరినీ లెక్కించాలి. ఏరేవాళ్ళు, మోసేవాళ్ళు, కొనేవాళ్ళు, ఎండబెట్టేవాళ్ళు వేరు వేరుగా. ఎందుకంటే స్త్రీలందరూ ఒకటి కాదు. బోటు యజమాని భార్య అవసరం వేరు, కూలికి గంప మోసే వితంతువు అవసరం వేరు. మనం లెక్కించకపోతే యజమాని భార్య మాటే అందరి మాటగా చెలామణి అవుతుంది.

రెండవది, ప్లాను. పాటు సమయంలో బోటు అంచుకూ జెట్టీకీ మధ్య మనిషి ఎత్తు తేడా రావచ్చు. నిలువు ఇనుప నిచ్చెన మీద గంపతో ఎక్కలేరు. మెట్లు, వాలు దారి, జారని నేల, నీడ, మంచినీళ్ళు, మరుగుదొడ్డి, దీపాలు, పిల్లల్ని ఉంచే చోటు - ఇవి అంచనాలో మొదటే ఉండాలి. తర్వాత చూద్దాం అన్నది ఎప్పటికీ రాదు. మోత తగ్గించే తోపుడు బళ్ళు, బెల్టులు రావాలి. తల మీద మోయడంలో గొప్పతనమేమీ లేదు, మెడ, నడుం అరిగిపోవడమే ఉంది. కానీ పొలంలో యంత్రం వచ్చినప్పుడు పని మగవాడి చేతికి పోయిన అనుభవం మనకుంది. బండి వస్తే దాని హక్కు ఇప్పటిదాకా మోసిన స్త్రీల సంఘానికే ఉండాలి.

మూడవది, రుసుము. గంపకు రుసుము ఉండకూడదు. ఉంటే రేటు బోర్డు మీద రాయాలి, రసీదు ఇవ్వాలి, ఆశీలు కాంట్రాక్టరుకు అప్పగించకూడదు.

నాలుగవది, నిర్వహణ నిధి. వసూలైన దానిలో ఒక నిర్ణీత భాగం ప్రతి ఏడాదీ అదే జెట్టీ మరమ్మతుకు విడిగా ఉంచాలి. లెక్క గ్రామసభలో చదవాలి. మన రాష్ట్రంలో పంచాయతీ పదవుల్లో సగం స్త్రీలవి. మత్స్యకార గ్రామాల్లో గెలిచిన సర్పంచులకు, వార్డు సభ్యులకు ఈ లెక్క చదవడం నేర్పించే బాధ్యత ఇక్కడ కూర్చున్న స్వచ్ఛంద సంస్థలు తీసుకోవచ్చు. పొదుపు సంఘాల పుస్తకాలు రాయగలిగిన స్త్రీలకు జెట్టీ ఖాతా చదవడం కష్టమేమీ కాదు.

అయిదవది, నిర్ణయం. హార్బరును నడిపే కమిటీ ఏదైనా, అందులో కనీసం సగం మంది ఒడ్డు మీద పనిచేసే స్త్రీలు ఉండాలి. వాళ్ళను వాళ్ళ సంఘాలే ఎన్నుకోవాలి. అధికారులు నామినేట్ చేయకూడదు.

ఇదంతా చెప్పినప్పుడు ఊరిపెద్దలు ఒక మాట అంటారు. ముందు జెట్టీ రానివ్వండమ్మా, ఆడవాళ్ళ సంగతి తర్వాత చూద్దాం, ఇప్పుడు తగువు పెడితే వచ్చే జెట్టీ కూడా పోతుంది అని. ఈ మాట ఉద్యమాల్లో పనిచేసిన మనకు బాగా అలవాటే. ముందు భూమి, తర్వాత స్త్రీలు. ముందు కూలి, తర్వాత స్త్రీలు. కాంక్రీటు విషయంలో ఈ వాయిదాకు ఇంకో ప్రమాదం ఉంది. చట్టాన్ని సవరించవచ్చు, జీవోను మార్చవచ్చు. ఒకసారి పోసిన కాంక్రీటు యాభై ఏళ్ళు అలాగే ఉంటుంది. మెట్లు లేకుండా కట్టిన జెట్టీ మీద ఆమె కూతురు, మనవరాలు కూడా నిచ్చెనే ఎక్కాలి. అందుకే మాట్లాడవలసిన సమయం అంచనా కాగితం మీద ఉన్నప్పుడే.

కాబట్టి మిత్రులారా, ఈ సమావేశం నుంచి వెళ్ళేటప్పుడు ఒక చిన్న పని పెట్టుకుందాం. జిల్లాలో మీరు పనిచేస్తున్న ఒక్కొక్క తీర గ్రామంలో స్త్రీలతో కూర్చుని రేవు మీద వాళ్ళ పనిని లెక్క రాయండి. మత్స్యశాఖ కార్యాలయానికి సమాచార హక్కు కింద ఒక దరఖాస్తు పెట్టి ఆ ఊరి జెట్టీ లేదా ప్రతిపాదిత హార్బరు అంచనా తెప్పించండి. ఆ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి స్త్రీలకు చదివి వినిపించండి. వాళ్ళ లెక్కలో ఉండి అంచనాలో లేనిదేదో వాళ్ళే చెబుతారు. మన డిమాండ్ల పత్రం అక్కడి నుంచి రాయడం మొదలుపెడదాం.